గూడబాతు వెనుక కరెంటు తీగ
(వన్యప్రాణి ఛాయాచిత్రాలలో నేపథ్యం దిద్దుబాటు: ఒక చరిత్ర)

శివరాత్రి సెలవులకు మన సంఘంలోని కొన్ని కుటుంబాలు కలిసి కొక్కరె బెళ్ళూరు వెళ్ళి వచ్చిన సంగతి సభ్యులకు తెలిసినదే. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో, బెంగుళూరు నుంచి మైసూరు పోయే బాటకు కొంచెం ఎడంగా ఉన్న చిన్న పల్లె అది. ఊరి నడుమ చింతచెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుతవి. చెట్టు క్రింద మనుషుల కాపురం, చెట్టుపైన పక్షుల కాపురం. పక్షుల రెట్టను పొలానికి ఎరువుగా వాడుకొంటూ, ఆ పక్షులు రావటం ఊరికి శుభమని నమ్మే జనం వారు. 2007లో ప్రభుత్వం ఆ ఊరిని సామాజిక సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది.

మా వెంట వచ్చినవారిలో ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడొకడు ఉన్నాడు. గూటిపై వాలబోతున్న గూడబాతును ఒకదానిని అతడు కెమెరాలో చక్కగా పట్టాడు. రెక్కలు పూర్తిగా విప్పుకొని ఉన్నవి; ముక్కుమీది చుక్కలు సైతం లెక్కపెట్టవచ్చు. అయితే పక్షి వెనుక అడ్డంగా రెండు కరెంటు తీగలు, ఒక నీళ్ళ ట్యాంకు, ఎవరిదో మిద్దెమీద ఆరవేసిన ఎర్రచీర కూడా పడినవి.

ఉగాది ప్రదర్శనకు బొమ్మలు ఏరుతున్న రోజున అతడు రెండు ప్రతులు తెచ్చి బల్లమీద పెట్టాడు. మొదటిదానిలో అన్నీ ఉన్నవి. రెండవదానిలో తీగలు లేవు, ట్యాంకు లేదు, చీర లేదు. పక్షి చుట్టూ లేత పచ్చని మసక మాత్రం ఉన్నది. “అయిదు నిమిషాల పని, బాబాయిగారూ! కంప్యూటరే చేసిపెడుతుంది,” అన్నాడు.

అంతటితో పెద్దలు రెండు పక్షాలైనారు. “పెళ్ళికూతురు ఫోటోలో మొటిమ తుడిస్తే ఎవరైనా తప్పు పట్టారా? ఇదీ అంతే,” అని ఒక పక్షం. “ఉన్నదానిని లేదనటం అబద్ధం కాదటయ్యా?” అని రెండవ పక్షం. తీర్పు చెప్పవలసిన భారం చివరకు మామీద పడింది. చెప్పేముందు ఈ తగవు ఎంత పాతదో చూద్దామని పుస్తకాలు తిరగవేశాం. చూడగా ఇది కంప్యూటరుతో పుట్టినది కాదు, ఫోటోతోపాటు పుట్టినదే. ఆ చరిత్రను సంగ్రహంగా పాఠకుల ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. తీగ మన కంటికి అడ్డు రాలేదు, ఫోటోలోనే అడ్డు వచ్చింది. ఎందువల్ల? మన కన్ను మనసుకు లోబడిన పనిముట్టు. పక్షిని చూస్తున్నంతసేపూ పక్షినే చూస్తుంది. తీగ ఉన్నా లెక్కచేయదు. కెమెరాకు ఇట్టి పక్షపాతం లేదు. పక్షికి ఎంత మర్యాద చేస్తుందో తీగకూ అంతే మర్యాద చేస్తుంది. కాగితంమీద చూచినప్పుడు మెరుపు ఎక్కడ ఉంటే, ముదురు రంగు ఎక్కడ ఉంటే చూపు అక్కడకు పరుగెత్తుతుంది. ఎర్రచీర ముందు గూడబాతు బూడిదరంగు ఏపాటిది? కనుక నేపథ్యాన్ని అదుపులో పెట్టాలన్న కోరిక తప్పు కాదు, సహజమైనదే. ఆ కోరికను మనుషులు ఏయే కాలాలలో ఏ విధంగా తీర్చుకొన్నారన్నదే చరిత్ర.

ఫోటో పుట్టిన తొలిరోజులలో గాజుపలకలమీది మందు నీలివెలుగుకు అతిగా లొంగేది. నేల సరిగా వచ్చేలోపల ఆకాశం మితిమీరి వెలుతురు త్రాగి, కాగితంపై వట్టి తెలుపై కూర్చునేది. 1850ల చివరలో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచివాడు సముద్రాన్ని ఒక పలకమీద, మబ్బులను వేరొక పలకమీద పట్టి, రెండింటినీ కలిపి ఒకే బొమ్మగా అచ్చు తీశాడు. 1857లో ఇంగ్లండులో ఆస్కార్ రెయిలాండర్ ముప్పైకి పైగా నెగటివులను అతికి ఒకే చిత్రం తయారుచేశాడు. మరుసటి సంవత్సరం హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివులతో ఒక మరణశయ్య దృశ్యాన్ని కల్పించగా, చూచినవారిలో మెచ్చుకొన్నవారూ ఉన్నారు, మండిపడినవారూ ఉన్నారు. మన సంఘం బల్లచుట్టూ లేచిన కేక ఆనాటి కేకకు ప్రతిధ్వనే.

చీకటిగదిలో పనిచేసేవారికి వెనుకతెరను దిద్దే ఉపాయాలు అనేకం ఉండేవి. నెగటివుపై చిక్కని ఎర్రరంగు పూస్తే అక్కడ వెలుతురు దాటదు. కాగితంమీద ఆ చోటు తెల్లగా మిగిలిపోతుంది. అనవసరమైన గోడను, గుంజను ఈ విధంగా మాయం చేసేవారు. 1883లో హోవర్డ్ ఫార్మర్ ప్రకటించిన ద్రావకాన్ని కుంచెతో రాస్తే అధికంగా నల్లబడిన భాగం తేలిపోతుంది. బొమ్మను పెద్దది చేసేటప్పుడు వెలుతురుకు అట్టముక్క అడ్డుపెడితే ఆ చోటు తెల్లబడుతుంది. మిగతా చోట్ల మూసి ఒక్కచోటే అదనంగా వెలుతురు పోస్తే అది నల్లబడుతుంది. చూపును లాగే మూలను కొంచెం నల్లబరచి అణచటం ఆ రోజులలో ప్రతి మంచి పనివానికీ తెలిసిన విద్యే.

ఇక జంతువుల సంగతి. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుసగా 12 కెమెరాలతో పట్టాడు. గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను విడుస్తవా లేదా అన్నది ఆనాటి సందేహం. కాళ్ళు స్పష్టంగా కనిపించాలని అతడు పరుగుబాట వెనుక తెల్లని తెర నిలిపాడు. నేపథ్యాన్ని దిద్దనక్కరలేకుండా ముందే తీసివేశాడన్నమాట. ప్రశ్న కాళ్ళను గురించి గనుక తెర న్యాయమే. దానిని అతడు ఎవరి దగ్గరా దాచనూ లేదు.

కాని అడవిలో పులి వెనుక తెర ఎవరు కడతారు? తొలినాళ్ళలో మన దేశంలో పులి ఫోటో అంటే చచ్చిన పులి ఫోటోయే. సికిందరాబాదులో స్టూడియో నడిపి ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ తీసిన వేట చిత్రాలు ప్రసిద్ధములు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు హైదరాబాదు రాజ్యంలో వేటాడినప్పటి చిత్రంలో పులి కాళ్ళ దగ్గర పడి ఉన్నది. అట్టి చిత్రాలలో వేటగాడే కథానాయకుడు. పులి, అడవి రెండూ అతని వెనుకతెరలే.

బ్రతికి ఉన్న ప్రాణిని దాని చోటనే చూపాలన్న తపనతో పనిచేసినవారిలో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్, చెర్రీ కీర్టన్ సోదరులు ముఖ్యులు. వారు 1895లో పక్షిగూళ్ళపై అచ్చువేసిన పుస్తకంలో బొమ్మలన్నీ నిజమైన ఫోటోలే. పక్షి బెదరకుండా ఉండాలని 1900లో ఒక ఎద్దు చర్మంతో బోలుబొమ్మ చేయించి, దాని కడుపులో కూర్చుని ఫోటోలు తీశారు! వెనుక ఉన్నదానిని చెరపటానికి బదులు తమను తాము చెరుపుకొన్న మహానుభావులు వారు.

రాత్రివేళ మరొక చిత్రం జరిగింది. అమెరికాలో జార్జి షైరాస్ పడవలో కూర్చుని మెరుపుమందు వెలిగించి లేళ్ళను పట్టాడు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆ బొమ్మలను 74 దాకా ఒకే సంచికలో అచ్చువేసింది. మెరుపు వెలుగు దగ్గర ఉన్న లేడిపై బలంగా పడి, దూరం పోయేకొద్దీ శీఘ్రంగా తగ్గిపోతుంది గనుక వెనుక ఉన్న అడవి అంతా నల్లగా మునిగిపోతుంది. మన దేశంలో సంయుక్త రాష్ట్రాల అటవీశాఖలో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ పులి నడిచే బాటలో తీగ కట్టి, పులి కాలు తగిలితే దాని ఫోటో అదే తీసుకొనేట్టు అమర్చాడు. 1927లో వచ్చిన అతని పుస్తకం పులిని తుపాకితో గాక కెమెరాతో వెంటాడవచ్చునని లోకానికి చాటింది. ఆ పులుల వెనుక ఉన్న చీకటిని ఎవరూ కల్పించలేదు. రాత్రి స్వయంగా ఇచ్చిన తెర అది.

పగటివేళ ఆ పని చేసిపెట్టింది దూరకటకం. కటకం నాభిదూరం పెరిగి, దాని ద్వారం వెడల్పుగా తెరచి ఉంటే, సరిచూచిన దూరంలో ఉన్న పక్షి మాత్రమే స్ఫుటంగా ఉండి వెనుకవి మసకబారుతవి. పక్షికీ వెనుక చెట్టుకూ ఎడం పెరిగినకొద్దీ మసక మెత్తబడుతుంది. మదరాసులో ఉండి ఆరు దశాబ్దాలకు చేరువగా ప్రకృతిని గురించి వ్రాసి, నలుపు తెలుపులలో ఏనుగులను, దుప్పులను చిత్రించిన ఎం. కృష్ణన్ (1912–1996) తన కెమెరాను పలుచోట్ల భాగాలు తెచ్చి తానే కూర్చుకొన్నాడు. బెంగుళూరులో స్థిరపడిన టి. ఎన్. ఏ. పెరుమాళ్ (1932–2017) ఎందరో యువకులకు గురువైనాడు. ఫిల్ము కాలంలో ఒక మంచి బొమ్మకోసం గంటల తరబడి కూర్చోవలసిందే. రెండడుగులు ప్రక్కకు జరిగితే తీగ తప్పుతుంది. మోకాళ్ళమీద వంగితే గోడ బదులు ఆకాశం వస్తుంది. నేపథ్యం దిద్దుబాటు అంటే ఆనాడు కాళ్ళతో చేసే పని.

ఆ పని కాళ్ళనుంచి వ్రేళ్ళకు దిగటం 1980లలో మొదలైంది. 1982 ఫిబ్రవరి సంచిక అట్టకోసం నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఈజిప్టు పిరమిడ్ల అడ్డబొమ్మను నిలువుగా ఇమిడ్చేందుకు కంప్యూటరుతో పిరమిడ్లను దగ్గరకు జరిపింది. ముందున్న ఒంటెలకోసం వెనుకనున్న పిరమిడ్లు కదిలినవి! విషయం బయటపడి పెద్ద చర్చ లేచింది. అప్పటికి ఫోటోషాప్ అన్న పేరే లేదు. 1987లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న థామస్ నోల్ తన కంప్యూటరులో బొమ్మలు చూపే చిన్న ప్రోగ్రాము వ్రాసుకొన్నాడు. సినిమా కల్పనల సంస్థలో పనిచేస్తున్న తమ్ముడు జాన్ దానికి తోడైనాడు. వారి సృష్టిని అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్ పేర విడుదల చేసింది. ఉచితంగా దొరికే గింప్ 1996లో జనానికి అందింది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నేపథ్యాన్ని దిద్దే పనిముట్లు ఏ వరుసలో పెరిగినవో గమనిస్తే మన తగవు మర్మం తేలుతుంది. మొదటిది ముద్రపనిముట్టు. తీగ ప్రక్కనున్న ఆకాశంముక్కను ఎత్తి తీగమీద అద్దుతుంది. 1994లో పొరలు వచ్చినవి. పక్షిని ఒక పొరమీద, వెనుకనున్నది మరొక పొరమీద ఉంచి విడివిడిగా దిద్దవచ్చు. 2002లో వచ్చిన మాన్పుకుంచె, అద్దినముక్క అతుకు తెలియకుండా చుట్టుప్రక్కల రంగుతో వెలుగుతో కలిపివేస్తుంది. 2010లో మరొక మెట్టు. ఏది తీసివేయాలో గీత గీసి చూపితే చాలు. బొమ్మలోని ఇతర భాగాలను పరిశీలించి, ఖాళీలో ఏమి ఉండవచ్చునో యంత్రమే ఊహించి నింపుతుంది. 2023లో వచ్చినదానికి ఆ బొమ్మతో కూడా పనిలేదు. “ఇక్కడ వెదురుపొద పెట్టు” అని వ్రాస్తే, ఏ కటకంలోనూ ఎన్నడూ పడని వెదురుపొదను అల్లి పెడుతుంది.

కప్పటంతో మొదలై, కల్పించటంతో ముగిసింది. పూర్వం ఒక తీగను చెరపాలంటే పనివానికి పూటంతా పట్టేది. ఆ శ్రమే ఒక కావలి. “ఇది నిజంగా అవసరమా?” అని ఆలోచించే వ్యవధి అతనికి ఉండేది. నేడు శ్రమ పోయింది, వ్యవధి పోయింది. కావలి కాయవలసినది మన మనసు ఒక్కటే.

కావలి లేనిచోట ఏమి జరిగిందో రెండు ఉదాహరణలు. 1994లో ప్రసిద్ధ అమెరికన్ చిత్రకారుడు ఆర్ట్ వుల్ఫ్ జంతువుల వలసలపై ఒక పుస్తకం తెచ్చాడు. అందులో సుమారు మూడవవంతు బొమ్మలు కంప్యూటరుతో మార్చినవి. చారలగుర్రాల మంద నడుమ ఖాళీలు మరికొన్ని గుర్రాలతో పూడినవి. చిత్రకళగా చూచినవారు మెచ్చారు. ప్రకృతి సాక్ష్యంగా చూచినవారు కలతపడ్డారు. రెండవది ఇంకా బరువైనది. 2006లో టిబెట్టు రైలుమార్గం ప్రారంభమైన సంవత్సరంలోనే, రైలు వంతెనపై పోతుండగా క్రింద టిబెట్టు జింకలు నిర్భయంగా సాగిపోతున్న ఒక ఫోటో చైనాలో విశేషంగా ప్రచారమై బహుమతి పొందింది. రైలువల్ల జింకలకు బాధ లేదని చెప్పకనే చెప్పింది ఆ బొమ్మ. 2008లో బొమ్మ అడుగున అతుకుగీత ఒకరి కంటబడగా, జింకలు వేరు, రైలు వేరు అని తీసినవాడే ఒప్పుకొన్నాడు. జింకలు నిజం, రైలు నిజం. రెండూ కలిసిన క్షణం మాత్రం అబద్ధం. జింకల బ్రతుకును గురించి వేయవలసిన ప్రశ్నకు అతుకుబొమ్మ జవాబు చెప్పింది. ఇంతకంటె ప్రమాదమేమున్నది?

ఇందువల్లనే పోటీలు నడిపేవారు నిబంధనలు బిగించారు. 1965లో ఇంగ్లండులో మొదలైన వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీలో వెలుగునీడలు సవరించుకోవచ్చు, అంచులు కత్తిరించుకోవచ్చు, ధూళిచుక్కలు తుడుచుకోవచ్చు. బొమ్మలో ఉన్నదానిని తీయరాదు, లేనిదానిని చేర్చరాదు. సందేహం తీరటానికి కెమెరాలోని అసలుప్రతిని అడిగి చూస్తారు. 2014లో మూడు పెద్ద అంతర్జాతీయ ఛాయాచిత్ర సంస్థలు కలిసి ప్రకృతిచిత్రానికి ఒకే నిర్వచనం ఏర్పరచుకొన్నవి. మనిషి చేసిన వస్తువులు బొమ్మలో ఉండరాదన్నది అందులో సాధారణ నియమం. అయితే మనుషుల నడుమ బ్రతక నేర్చిన కొంగ, గుడ్లగూబ వంటి పక్షుల విషయంలో, కథకు అవసరమైతే ఉండవచ్చునని మినహాయింపు ఇచ్చారు. మన గూడబాతుకు ఈ మినహాయింపు చక్కగా వర్తిస్తుంది.

ఇక్కడ మన సీమల ముచ్చట ఒకటి మనవి చేయాలి. టి. సి. జెర్డాన్ అనే సైనికవైద్యుడు 1860లలో అచ్చయిన తన భారతదేశపు పక్షుల గ్రంథంలో, కర్ణాటక సీమలోని ఒక పల్లె నడుమ పొట్టిచెట్లమీద గూడబాతులు తరతరాలుగా గూళ్ళు కడుతున్నవనీ, మనుషుల సందడిని అవి లక్ష్యపెట్టటం లేదనీ వ్రాశాడు. ఆనాటి వాడుకలో కర్ణాటక సీమ అంటే నెల్లూరు మొదలు దక్షిణంగా సాగే నేల. ఆయన బొమ్మ గీయలేదు, ఫోటో తీయలేదు. అయినా పక్షి వెనుక ఊరు ఉన్నదన్న ఒక్క వాక్యమే ఈనాటికీ విలువైనది. ఆ ఊరిని ఆయన “చెరిపి” వ్రాసి ఉంటే కొక్కరె బెళ్ళూరు వంటి స్నేహం ఇంత పాతదని మనకు తెలిసేదా? అనంతపురం సీమలో వీరాపురం, శ్రీకాకుళం సీమలో తేలినీలాపురం, గుంటూరు ప్రక్క ఉప్పలపాడు – ఇవన్నీ పక్షులు మనుషుల ముంగిట వాలే ఊళ్ళే.

ఆ జెర్డాన్ పేరనే ఇంగ్లీషువారు పిలిచే పక్షి మన కలివికోడి. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తరువాత కనిపించక, అంతరించిందని అందరూ అనుకొన్నాక 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. కలివిపొదలలో తిరిగే కోడి కనుక కలివికోడి. పక్షి పేరులోనే నేపథ్యం ఉన్నది! 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం ఆ పొదలమీదికి రాగా అభ్యంతరాలు లేచి కాలువ దారి మార్చవలసివచ్చింది. ఆ పక్షి బ్రతుకు ముళ్ళపొదల మీదనే ఆధారపడి ఉన్నది. దాని ఫోటో దొరికితే వెనుకనున్న ఆ ముళ్ళకంపను “చిందరవందరగా ఉన్నది” అని తుడిచి నున్నని పచ్చరంగు పూయటం ఎంత అన్యాయమో పాఠకులే ఆలోచింతురు గాక.

ఇంతకూ మా తీర్పుకు కారణమైనది పుస్తకం కాదు, మా ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి. మా తాతగారు బ్రతుకుతెరువుకై కోలారు బంగారు గనులకు వచ్చిన కొత్తలో స్టూడియోలో తీయించుకొని ఊరికి పంపినది అది. ఆయన వెనుక రాజమహలు స్తంభాలు, పాలరాతి మెట్లు, దూరాన సరస్సు! అంతా గుడ్డమీద వేసిన రంగులు. ఆయన నిజంగా ఉన్న ఒంటిగది ఇల్లు, రేకుకప్పు, గుమ్మంలో నీళ్ళకుండ – వీటిని ఊళ్ళోవారికి చూపటానికి ఆయనకు మొగమాటం. అందులో తప్పు పట్టటానికి మనమెవరం? ఊళ్ళో తల్లి కంట నీరు రాకుండా ఉండాలనే గదా ఆయన తాపత్రయం. కాని ఈనాడు ఆయన మనుమలం ఆ ఫోటో చేతబట్టుకొని వెదకేది ఆ స్తంభాలను కాదు. ఆ రేకుకప్పును, ఆ నీళ్ళకుండను. తాతగారు చెరిపినదే మాకు కావలసివచ్చింది. అది ఏ ఫోటోలోనూ లేదు.

కనుక మేము చెప్పిన తీర్పు ఇది. బొమ్మను దిద్దవచ్చు, సాక్ష్యాన్ని చెరపరాదు. నేపథ్యాన్ని కొంచెం నల్లబరచవచ్చు; దాని రంగుల ఉద్రేకం తగ్గించవచ్చు; స్ఫుటత్వం తగ్గించి పక్షి కళ్ళకు కొంచెం పెంచవచ్చు; అనవసరమైన అంచు కత్తిరించవచ్చు. ఇవి చీకటిగదిలో అట్టముక్క చేసిన పనులే. కెమెరా అద్దంమీది ధూళిచుక్క తుడవవచ్చు, అది కొక్కరె బెళ్ళూరిది కాదు గనుక. తీగను తీసివేయాలని ఉంటే తీసివేయి, నాయనా, కాని బొమ్మ క్రింద ఆ మాట వ్రాయి. అప్పుడది సాక్ష్యం కాదు, అలంకారం. అన్నిటికంటె ముఖ్యం, కెమెరాలోని అసలుప్రతిని ఏనాడూ పారవేయవద్దు. మన మనుమలు ఏమి వెదకుతారో మనకు తెలియదు. ఇక వచ్చే ఏడు వెళ్ళినప్పుడు మరి రెండడుగులు ప్రక్కకు నడువు.

కుర్రవాడు తెలివైనవాడు, ఒప్పుకొన్నాడు. ఆ రాత్రే మూడవ ప్రతి తయారుచేసి తెచ్చాడు. అందులో ట్యాంకు నీడలోకి తగ్గింది, చీర ఎరుపు సద్దుమణిగింది, తీగలు ఉన్నవి. గూడబాతు రెక్కలు మాత్రం మునుపటికంటె వెలిగిపోతున్నవి. “చూడండి బాబాయిగారూ, ఇప్పుడు అది ఊళ్ళోకి దిగుతున్నట్టున్నది,” అన్నాడు. ఇంతకు ముందు ఎక్కడికి దిగుతున్నదో తెలియక గాలిలో వ్రేలాడిన పక్షికి ఒక ఊరు దొరికింది.

ఆ మూడవ ప్రతినే ఉగాది ప్రదర్శనలో గోడకు తగిలించాము. పచ్చడిలో వేపపువ్వు తీసివేసి ఉగాది చేసుకోము గదా! సోదర సోదరీమణులు వచ్చి, పక్షినీ చూచి, దాని వెనుకనున్న ఊరినీ చూచి పోవలసినదిగా కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.